రెండు తెలుపులు

ధ్యాన వాక్యభాగములు: లేవీయకాండము 13:38-39; 14:33-42; ఆదికాండము 13:5-9; యిర్మీయా 22:13-17



బైబిలును ఆదికాండము మొదలుకొని వరుసగా చదువబూనినవారు అనేకులు లేవీయకాండము పదమూడవ అధ్యాయమునొద్దకు వచ్చి ఆగిపోవుదురు. మచ్చలు, వాపులు, పొక్కులు, తెల్లని వెండ్రుకలు, ఇవన్నియు మనకేల అని పుటలు త్రిప్పివేయుదురు. కుటుంబ ప్రార్థనలో ఈ అధ్యాయము వంతు వచ్చినప్పుడు పిల్లలు ఒకరి ముఖమొకరు చూచుకొని నవ్వుకొనుట నేనెరుగుదును. అయినను ఈ నెల మనము ఆ అధ్యాయమునందే కొంత సేపు నిలుతము. మన యిండ్లకు రంగులు వేయించుకొను సంగతి యొకటి నేను చెప్పవలసియున్నది. దానికి ఆధారము అక్కడనే యున్నది.

ఆ అధ్యాయములో యాజకుడు చేయుచున్న పని యేమి? అతడు ఒక తెలుపును మరియొక తెలుపునుండి వేరుచేయుచున్నాడు. ఒకని చర్మముమీద తెల్లని మచ్చ కనబడెను. అది యే తెలుపు? నిగనిగలాడు తెలుపా? ఎరుపు కలిసిన తెలుపా? లేక వెలిసిపోయిన తెలుపా? వెలిసిన తెలుపైనయెడల అది చర్మమందు పుట్టిన పొక్కు మాత్రమే, ఆ మనుష్యుడు పవిత్రుడని 39వ వచనము తీర్పు చెప్పుచున్నది. వేరొక తెలుపైనయెడల వాడు చినిగిన బట్టలు కట్టుకొని, తల విరియబోసికొని, పాళెము వెలుపల ఒంటరిగా కాపురముండవలెను. భార్యాబిడ్డలు, ఇల్లు, ఆరాధన, సమస్తమును ఆ రెండు తెలుపుల నడుమ వ్రేలాడుచుండెను.

యూదుల బోధకులు ఈ విషయమును ఎంత జాగ్రత్తగా చూచిరో వారి మిష్నా గ్రంథమువలన తెలియుచున్నది. క్రీస్తు శకము 200 ప్రాంతమున కూర్చబడిన ఆ గ్రంథములో నెగాయీము అను భాగము ఈ మచ్చలనుగూర్చియే వ్రాయబడినది. అందులో తెలుపులు నాలుగని యెంచిరి. మంచువంటిది ఒకటి, దేవాలయపు గోడల సున్నమువంటిది ఒకటి, గ్రుడ్డుపెంకు లోపలి పొరవంటిది ఒకటి, తెల్లని ఉన్నివంటిది ఒకటి. తెల్లవారుజామున గాని, ప్రొద్దు క్రుంకువేళ గాని, మబ్బు పట్టిన దినమున గాని, ఇంటిలోపల గాని మచ్చను పరీక్షింపరాదు. అట్టి వెలుతురులో వెలిసిన తెలుపు సహితము మెరయునట్లు కనబడునని వారు చెప్పిరి. మిట్టమధ్యాహ్నమున కూడ వద్దనిరి, ఏలయనగా అప్పుడు మెరయు తెలుపు వెలిసినట్లుండును. చూపు మందగించిన యాజకుడు చూడరాదు, ఒంటికన్నువాడును చూడరాదు. అదే మచ్చ ఎఱ్ఱని ఛాయగలవానిమీద వెలిసినట్లును, నల్లని ఛాయగలవానిమీద మెరసినట్లును తోచును గనుక, దానికి తగినట్టు లెక్క చూచుకొనవలెను. ఇక సందేహము కలిగినప్పుడు ఏడు దినములు ఆగి మరల చూడుమని మోషే ధర్మశాస్త్రమే ఆజ్ఞాపించినది. ఇంత శ్రమ యెందుకు? ఒక మనుష్యుని ఊరకే పాళెము వెలుపలికి త్రోసివేయకుండుటకు.

ఇప్పుడు మన ఊరికి వత్తము. మన తలిదండ్రుల దినములలో తెలుపు ఒక్కటే. క్రిస్మసు పండుగకు పదిదినముల ముందు సున్నపు గడ్డలను కాగులో వేసి నీళ్లు పోయుదురు. అది బుడబుడ మరిగి పొగలు గ్రక్కుచు విరియును. మరునాడు గుడ్డతో వడగట్టి, కొంచెము తుమ్మజిగురు, చిటికెడు నీలిమందు కలిపి, ఈత కుంచెతో గోడకు కొట్టుదురు. తడిగా నున్నప్పుడు గోడ మురికిగానే అగుపడును, ఆరినకొలది తెలుపు పైకి తేలును. సున్నపురాయిని బట్టీలో కాల్చినప్పుడు దానిలోనుండి వెడలిపోయిన బొగ్గుపులుసు వాయువును, గోడమీదనున్న సున్నము గాలిలోనుండి తిరిగి పీల్చుకొని మరల రాయిగా మారును. 1591లో కట్టబడిన చార్మినారు ఇట్టి సున్నపు అడుసుతోనే నేటివరకు నిలిచియున్నది. ఆ దినములలో ఏ తెలుపు వేయుదము అని యే యింటను వాదము పుట్టలేదు. వాదములు లేకపోలేదు గాని, అవి వేరు.

నేడట్లు కాదు. 2008వ సంవత్సరము మార్చి నెలలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడిననాటినుండి మంఖాల్ చుట్టుప్రక్కల భూములు వెంచర్లాయెను, శ్రీశైలము రోడ్డు పొడుగున గోడలు లేచెను. మట్టిగోడల యిండ్లున్నచోట సిమెంటు యిండ్లు వచ్చెను. ఇది దేవుని దయ, నేను కాదనను. రంగుల దుకాణమునకు పోయినయెడల చేతికి షేడ్ కార్డు ఇత్తురు. అందులో తెలుపే ఎన్నో వరుసలుండును. ఒక యంత్రము తెల్లని డబ్బాలోనికి పసుపుచుక్కలు ఇన్ని, ఎరుపుచుక్కలు ఇన్ని, నలుపుచుక్కలు ఇన్ని అని లెక్కపెట్టి వదలును. ఆ చుక్కల తేడానే ఈ తెలుపునకును ఆ తెలుపునకును గల తేడా. మన ఊరిలో ప్రభుత్వము కట్టించిన రెండు పడకగదుల యిండ్ల కాలనీలో గోడల రంగు ఎవరిని అడిగియు వేయలేదు. ఆ యిండ్లలో కొన్నిటియందు నేను ప్రార్థన చేసితిని. గోడ రంగునుగూర్చి ఒక్కరును నాతో మాట యెత్తలేదు.

మా సంఘములో ఒక కుటుంబము ఇటీవల రెండు గదుల యిల్లు కట్టుకొన్నది. వారి సమ్మతితోనే వ్రాయుచున్నాను, పేర్లు మాత్రము చెప్పను. భర్త విమానాశ్రయమునకు కారు నడుపును. భార్య ఇంటనే కుట్టుమిషను పెట్టుకొన్నది. ఆయన తల్లియు వారితోనే యున్నది. గోడలకు లప్పము పెట్టిరి, ప్రైమరు కొట్టిరి, గృహప్రతిష్ఠకు దినము నిశ్చయించిరి. అప్పుడు షేడ్ కార్డు వచ్చినది. భర్త వ్రేలుపెట్టి ఒకటి చూపెను, భార్య దాని ప్రక్కదానిని చూపెను. కార్డుమీది ఆంగ్ల నామములు ఇంటిలో ఎవరికిని నోరు తిరుగలేదు. ముసలితల్లి అద్దాలు పెట్టుకొని చూచి, ఇది ఆవుపాల తెలుపు, అది జొన్నపిండి తెలుపు అని పేర్లు పెట్టెను. కంపెనీవారికంటె ఆమెయే బాగుగా పెట్టెనని నా అభిప్రాయము. పచ్చగడ్డిలోని పసుపు పదార్థము కొంత ఆవు పాలలోనికి దిగును గనుక ఆ పాలకు పసుపుడాలు వచ్చును. బర్రె దానిని తన కడుపులోనే మార్చివేయును గనుక దాని పాలు తెల్లగా నుండును. జొన్నపిండియందు పసుపు లేదు, మట్టిఛాయ కొంచెమున్నది. పేర్లు పెట్టిన పిమ్మట ఆమె, "రెండూ ఒక్కటే కదరా!" అనెను. ఆ మాటకు కొడుకునకు కోడలికి ఇద్దరికిని కోపము వచ్చినది. ఆ వారములో వారిద్దరు కలిసి ఒప్పుకొన్న సంగతి అదియొక్కటే.

నాలుగు దినములు గడచెను. మాటలు తగ్గెను. అయిదవ దినమున నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, మీరు ప్రార్థన చేసి ఒక్క మాట చెప్పుండ్రి. దేవుని చిత్తము ఏదో అదే వేయిస్తం" అని భర్త అడిగెను. రెండు చీట్లు వ్రాసి బైబిలులో పెట్టి తీయుదుమా అని బంధువులలో ఒకరు సలహా చెప్పిరట. వాగ్దాన కార్డు తీసి చూడుడి, అందులో పాలు అని వచ్చునో పిండి అని వచ్చునో తెలియును అని వేరొకరు చెప్పిరట.

నేను చీట్లు వేయలేదు. ఎందుకనగా, ఆ రెండు డబ్బాలలో ఏదో యొకదాని అడుగున దేవుడు తన చిత్తమును దాచిపెట్టి మనలను వెదకుకొనుమనుట లేదు. గిద్యోను గొఱ్ఱెబొచ్చును కళ్లమున పరచి గుర్తు అడిగెను (న్యాయాధిపతులు 6:36-40), నిజమే. కాని అతని యెదుట మిద్యానీయుల సైన్యముండెను, షేడ్ కార్డు కాదు. అపొస్తలులు చీట్లు వేసిరి (అపొస్తలుల కార్యములు 1:26), నిజమే. అక్కడ యూదా విడిచిన స్థానమునకు అపొస్తలుడు కావలసియుండెను. కటికవాని అంగడిలో అమ్ముదానిని మనస్సాక్షి నిమిత్తము విచారణ చేయక తినవచ్చునని పౌలు కొరింథీయులకు వ్రాసెను (1 కొరింథీ 10:25). బిడ్డ ఎఱ్ఱ గౌను తొడుగుకొందునా పచ్చ గౌను తొడుగుకొందునా అని ప్రతి ఉదయము తండ్రిని అడిగి, ఆయన చెప్పువరకు కదలకుండినయెడల ఆ తండ్రి సంతోషించునా? మొదటి దినము ముద్దుగా నుండును. పది దినములైన పిమ్మట, నా బిడ్డకు ఏమాయెనని ఆయన దిగులుపడును. దేవుడు మనకు కన్నులిచ్చెను, వెలుతురునిచ్చెను, ప్రక్కన ఒక మనిషినిచ్చెను. ఈ మూడింటితో తేల్చుకొనవలసిన దానిని ఆయనమీద వేయుట భక్తివలె కనబడును గాని, తరచుగా అది ప్రక్కనున్న మనిషితో మాటలాడకుండుటకు మనము వెదకుకొన్న దారియే.

కన్నులతో తేల్చుకొను విధమును కొంచెము చెప్పెదను, ఇండ్లు కట్టువారు మనలో అనేకులున్నారు గనుక. కార్డును నమ్మకుడి. వ్రేలెడు కాగితముమీది రంగు నాలుగు గోడలమీదికి వచ్చునప్పటికి ముదురును, ఏలయనగా ఈ గోడ తన డాలును ఆ గోడమీద వేయును, ఆ గోడ దీనిమీద వేయును. రెండు చిన్న డబ్బాలు తెచ్చి, మూరెడు వెడల్పున రెండేసి పూతలు, వెలుతురు తగులు గోడమీద ఒకటి, చీకటి గోడమీద ఒకటి వేసి చూడుడి. పూర్తిగా ఆరనియ్యుడి. ఉదయము చూడుడి, మూడుగంటల వేళ చూడుడి, రాత్రి మీరు వాడుకొను దీపము వెలిగించి చూడుడి. ఉత్తరపు కిటికీగల గదిలో ఆకాశపు నీలిడాలు పడును, పడమటి గదిలో సాయంకాలము బంగారపు ఎండ పడును. వాకిట వేపచెట్టు ఉన్నయెడల దాని పచ్చదనము లోనికి వచ్చును. నేలకు తాండూరు బండలు పరచితిరా ఎఱ్ఱని గచ్చు వేసితిరా, దాని ఛాయయు గోడ క్రింది భాగమున తోచును. మిష్నా బోధకులు మచ్చనుగూర్చి చెప్పిన మాటలే ఇంచుమించుగా ఇక్కడను పనికివచ్చుచున్నవి. ఇంకొక మాట: సరిపడునంత రంగును ఒక్కసారే కొనుడి. మరల తెచ్చిన డబ్బా అదే పేరుగలదైనను వెంట్రుకవాసి తేడా రావచ్చును.

ఒక రంగు ప్రక్కనున్న రంగువలన మారినట్లు కనబడునని మొదట శాస్త్రముగా వ్రాసినవాడు షెవ్రూల్ అను ఫ్రెంచి రసాయన పండితుడు. 1824లో ఆయన పారిసులోని గోబెలిన్సు నేతశాలలో అద్దకపు పనికి అధికారి ఆయెను. నల్లదారము వెలిసినట్లున్నదని ఫిర్యాదు వచ్చినది. ఆయన పరీక్షించి, దోషము అద్దకములో లేదు, ఆ దారము ప్రక్కన నేసిన రంగులలో నున్నదని కనుగొని, 1839లో దానిపై గ్రంథము ప్రకటించెను. నూట రెండేండ్లు జీవించిన మనిషి. పోచంపల్లి నేతగాండ్రకు ఇది చెప్పినయెడల, ఇందుకు పారిసువరకు పోవలెనా అని నవ్వుదురేమో. మా వారి రెండు తెలుపులును అట్టివే. ప్రక్కప్రక్కన పెట్టినప్పుడే ఒకటి పసుపుగా, ఒకటి మట్టిగా తోచును. ఒక్కదానినే గోడనిండ వేసి, రెండవదానిని కండ్లయెదుట లేకుండ తీసివేసినయెడల, వారమునకు కన్ను దానినే తెలుపని ఒప్పుకొనును.

సున్నమను మాట రాగానే ప్రసంగీకులమందరము మత్తయి 23లోని సున్నము కొట్టిన సమాధులకు పరుగెత్తుదుము. నేను ఈ సారి అక్కడికి పోను. నన్ను పట్టుకొన్నది లేవీయకాండము 14వ అధ్యాయము. అక్కడ యింటి గోడకు పచ్చదాళుగా గాని యెఱ్ఱదాళుగా గాని చారలు పుట్టి, గోడ పైభాగముకంటె పల్లముగా దిగినప్పుడు చేయవలసినది చెప్పబడినది. యాజకుడు లోనికి రాకమునుపే ఇంటిలోని సామానంతయు బయటికి తీసివేయవలెనని 36వ వచనము చెప్పుచున్నది, అతడు అపవిత్రమని తీర్పు చెప్పినయెడల పేదవాని చాపలు కుండలు దానితో పోకూడదు గనుక. ఎంత కనికరమున్నదో ఆ చిన్న ఆజ్ఞలో చూడుడి! పిమ్మట రాళ్లు మార్చి, పాత పూత గీకి, క్రొత్త అడుసు పూయవలెను. చారలమీద మంచి తెలుపు పూయుడని లేదు.

మా వారి యింటికి పూత మచ్చలు వేసి చూచుటకు పోయినప్పుడు రంగుల మేస్త్రి పడమటి గోడను చూపెను. మీది నీళ్లతొట్టి గొట్టమునొద్దనుండి నిమ్ము దిగి, జానెడు మేర లప్పము ఉబ్బియున్నది, ఉప్పు పొడి రాలుచున్నది. కార్డు పట్టుకొని తొమ్మిది దినములు వాదించిన ఇద్దరిలో ఒక్కరును దానిని చూడలేదు. గొట్టము బాగుచేయించి, గోడ ఆరువరకు ఆగకుండ ఆవుపాలు పూసినను జొన్నపిండి పూసినను వానకాలములో రాలిపోయెడిదే.

పాత యిండ్లకు మరల రంగు వేయువారికి ఒక హెచ్చరిక. పూర్వపు తెల్లరంగులలోను, తలుపులకు కిటికీలకు వేసిన నూనెరంగులలోను సీసము కలిపెడివారు. అది పిల్లల మెదడునకు చేటు. మన దేశమందు 2016లో చేసిన నియమములు 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చెను. వాటి ప్రకారము ఇంటి రంగులలో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసము ఉండరాదు. నేటి తెలుపు టైటానియపు తెలుపు. కేరళ తీరమునను మన శ్రీకాకుళపు తీరమునను దొరకు నల్లని యిసుకలోని ఖనిజమే దానికి మూలము, నల్లయిసుకనుండి ఇంత తెలుపు! పాతరంగును పొడిగా గీకి దుమ్ము లేపకుడి. తడిపి గీకుడి. గీకునప్పుడు చిన్నపిల్లలను, గర్భిణీ స్త్రీలను ఆ యింట ఉండనియ్యకుడి. ఏ తెలుపు అనుదానికంటె ఇది వందరెట్లు ముఖ్యము.

ఇక ఆ భార్య మాట. రంగు సంగతి ఏమమ్మా అని నేనడుగగా ఆమె చాలసేపు కుట్టుమిషను చక్రమును త్రిప్పుచు ఊరకుండెను. పిమ్మట ఇట్లు చెప్పెను: "అయ్యగారూ, తలుపు ఎటు పెట్టాలని నన్ను అడగలే. వంటగట్టు ఎంత ఎత్తని అడగలే, ఇప్పుడు కూర కోస్తుంటే నడుము నొస్తది. బండలు ఏవి తేవాలని అడగలే. నా గాజులు అమ్మినప్పుడు మాత్రం అడిగిండు. పొదుపు సంఘంల అప్పు నా పేరు మీదనే ఉన్నది. ఇంక మిగిలింది గోడ రంగు ఒక్కటే. అది కూడ అడగకపోతే ఇల్లు నాదెట్లయితది?"

చూచితిరా, ప్రియులారా! వాదము ఆవుపాలకును జొన్నపిండికిని కాదు. జొన్నపిండి తెలుపుమీద ఆమెకు పెద్ద మక్కువయు లేదు, అది ఆమె తరువాత నాతో చెప్పెను. అడుగబడక మిగిలిపోయిన మాటలన్నియు వచ్చి ఆ చిన్న కాగితపు ముక్కమీద కూర్చుండెను. నేను ఎన్నో యిండ్లలో ఇది చూచితిని. పెండ్లి పత్రికమీద ఎవరి పేరు ముందు వ్రాయవలెను, మంచము ఏ మూలను వేయవలెను, పొయ్యిమీద ఏ గిన్నె పెట్టవలెను అని ఇద్దరు మనుష్యులు మొండిపట్టు పట్టినప్పుడు, ఆ గిన్నెనుగూర్చి తీర్పు చెప్పబోవు పెద్దమనిషి వట్టి గిన్నెనే చూచినయెడల వెలిసిన తెలుపును మెరయు తెలుపని చెప్పిన యాజకునివలె నుండును.

భర్తతో నేను ఆదికాండము 13వ అధ్యాయము చదివితిని. అబ్రాముయొక్క పశువుల కాపరులకును లోతుయొక్క కాపరులకును కలహము పుట్టెను. దేశమంతటిని నీ సంతానమునకిచ్చెదనని దేవుడు మాట యిచ్చినది అబ్రామునకు (ఆదికాండము 12:7). పెద్దవాడు ఆయనే, పినతండ్రి ఆయనే. అయినను నీవు ఎడమకు పోయినయెడల నేను కుడికి పోదును, నీవే కోరుకొనుము అని లోతుతో చెప్పెను. హక్కులేనివాడు విడిచిపెట్టుట గొప్ప కాదు. చేతిలో పత్రమున్నవాడు విడిచెను. అయితే విడుచుటలోను రెండు విధములున్నవి. "సరే, నీ ఇష్టమే కానియ్యి" అని కంచము త్రోసివేసి లేచిపోవుట ఒక విధము. అది విడుచుట కాదు, వడ్డీకి ఇచ్చుట. ఆరునెలలైన తరువాత ఆ గోడమీద చిన్న మరక పడగానే, "నేనప్పుడే చెప్పితినిగదా" అని వడ్డీతో సహా వసూలు చేయుదురు. భార్యలకును ఇదే మాట చెప్పుచున్నాను, కంచము త్రోయునది పురుషులు మాత్రమే కాదు.

ఆయన మంచివాడు. నా సొమ్ము, నా శ్రమ అని గర్వించినవాడు కాడు. రాత్రింబగళ్లు కారు నడిపి అలసి వచ్చి, భార్యను అడుగుట కూడ ఒక పనియే అని తోచక, మేస్త్రి చెప్పినదానికెల్ల తల యూపినవాడు. ఆ సాయంకాలము ఇద్దరును వంటగట్టునొద్ద నిలువబడి దాని ఎత్తు కొలుచుకొనుచుండుట నేను చూచితిని. దానిని మరల కొట్టి కట్టింతురో, ఆమె నిలుచుటకు చెక్క వేయింతురో నాకు చెప్పలేదు. గోడలకు జొన్నపిండి తెలుపే పడెను. తన తెలుపు ఏదని ఇప్పుడు భర్తను అడిగినయెడల డబ్బామీది అంకె చూచి చెప్పవలసినదే.

ఇంతవరకు వ్రాసి నిలుపవచ్చును. కాని ఆ యింటి వసారాలో మరియొక మనిషి కూర్చుండియున్నాడు. అతడే రంగులు వేయువాడు, ప్రక్క పల్లెనుండి వచ్చు కూలివాడు. సోమవారము రమ్మనిరి, వచ్చెను. రంగు తేలలేదు రేపు రమ్మనిరి. రేపును అట్లే. తుక్కుగూడలో దొరికిన వేరొక పనిని ఇందుకొరకు విడుచుకొనెను. దినము కూలి దినము తినువాడు. వాదము, చెమ్మ, గోడ ఆరుట, అన్నియు కలిసి పదునొకండు దినములాయెను. ఆ దినములలో ఇంటివారు దేవుని చిత్తమేమని నన్ను అడిగిరి, బంధువులను అడిగిరి. నీవేమి తినుచున్నావని అతనిని ఎవరును అడుగలేదు. నీకు ఏ రంగు బాగున్నదని నేను అడుగగా అతడు నవ్వి, "నాకు ఏదైనా ఒక్కటే అయ్యగారూ, డబ్బా మూత తియ్యనియ్యుండ్రి చాలు" అనెను.

బైబిలులో తన యింటికి రంగు వేయించుకొన్న రాజు ఒకడున్నాడు, యోషీయా కుమారుడైన యెహోయాకీము. విశాలమైన మేడగదులు, వెడల్పైన కిటికీలు, దేవదారు పలకలు, వాటిమీద ఇంగిలీకపు ఎఱ్ఱరంగు. యిర్మీయా 22వ అధ్యాయము చదువుడి. ప్రవక్త ఆ ఎరుపు బాగున్నదనియు బాగులేదనియు ఒక్క మాట అనలేదు. పనివానిచేత ఊరక పని చేయించుకొని జీతమియ్యనివానికి శ్రమ అని చెప్పెను. కూలివాని కూలిని ప్రొద్దు క్రుంకకమునుపే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24:15 చెప్పుచున్నది, ఏలయనగా వాడు దానిమీదనే మనస్సు పెట్టుకొనియుండును. యాకోబు జీతమును పదిమార్లు మార్చిన లాబాను కూడ నాకు జ్ఞాపకము వచ్చుచున్నాడు. హెబ్రీ భాషలో లాబాను అనగా తెలుపు.

గృహప్రతిష్ఠకు మునుపు ఈ సంగతి నేను ఆ దంపతులయెదుట పెట్టితిని. పని చేయని దినములకు కూలి యెట్లు ఇయ్యవలెనని భర్త మొదట అడిగెను. పని చేయనియ్యనిది ఎవరని భార్య అడిగెను. ఇద్దరును లోపలికి పోయి కొంతసేపు మాటలాడుకొని వచ్చిరి. అయిదు దినముల కూలి అప్పుడే ఇచ్చిరి. ప్రతిష్ఠ దినమున అతనిని పిలిచి బంధువుల వరుసలో కూర్చుండబెట్టి భోజనము పెట్టిరి. మిగిలిన ఆరు దినముల సంగతి మేమింకను మాటలాడుచున్నాము.